ఎజిలిటీ ట్రయల్ రోజు ఎవరి పని ఏమిటి: హన్మకొండ, వరంగల్ వాలంటీర్లకు సమగ్ర మార్గదర్శి

ఎజిలిటీ ట్రయల్ అంటే జంపులు, టన్నెళ్లు లాంటి అడ్డంకులను కుక్క తన మనిషి చెప్పిన క్రమంలో, తప్పుల్లేకుండా, వేగంగా దాటే పోటీ. జడ్జి దొరికితే ట్రయల్ సగం అయిపోయినట్టే అనుకుంటారు చాలామంది. జడ్జి ఒక్కరే. ఆయన చెయ్యెత్తితే రాసేవాళ్లు, గీత దాటగానే గడియారం ఆపేవాళ్లు, పడ్డ బార్‌ను (జంపు మీది అడ్డకర్రను) లేపేవాళ్లు, తర్వాతి కుక్కను గేటు దగ్గర నిలబెట్టేవాళ్లు లేకపోతే ఆ రోజు ముందుకు కదలదు. చూడటానికి వచ్చిన జనమంతా కుక్కనే చూస్తారు. రింగ్‌లో, అంటే పోటీ జరిగే స్థలంలో, పనిచేసే మనిషికి మాత్రం ఆ సరదా లేదు. స్క్రైబ్ (జడ్జి సైగలు రాసే మనిషి) జడ్జిని చూడాలి, టైమర్ గీతను చూడాలి, బార్ల మనిషి తన నాలుగు జంపులను చూడాలి. ఈ క్రమశిక్షణ తప్పినచోటే తగాదాలు మొదలవుతాయి.

ఇక్కడ ఇచ్చిన కొలతలు, మార్కులు కెన్నెల్ క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ నిబంధనల ప్రకారం. మీ ట్రయల్ ఏ నిబంధనల కింద జరుగుతుందో ఎంట్రీ ఫారం మీదే రాయండి. అమెరికా కెన్నెల్ క్లబ్ పద్ధతిలో ఎత్తులు, తప్పుల లెక్క, జడ్జి సైగలు అన్నీ వేరు. సగం మంది ఆన్‌లైన్ వీడియోలు చూసి అదీ ఇదీ కలిపి నేర్చుకుని వస్తారు.

1. తేదీ, గ్రౌండ్

నవంబర్ నడుమ నుంచి ఫిబ్రవరి మొదటి సగం దాకా మన దగ్గర అనువైన కాలం. మార్చి వస్తే పొద్దున తొమ్మిదికే నేల కాలుతుంది, ఇక ఏప్రిల్, మే ఊసే వద్దు. ఈ మూడు నెలల్లో కూడా చూసుకోవాల్సినవి మూడున్నాయి.

మొదటిది పెళ్లి ముహూర్తాలు. గ్రౌండ్ పక్కన ఫంక్షన్ హాల్ ఉంటే పంచాంగం చూడకుండా తేదీ పెట్టొద్దు. బరాత్ బ్యాండు, పటాకులు మొదలైతే సగం కుక్కలు రింగ్‌లోకే రావు. రెండోది సంక్రాంతి. తెగిన గాలిపటాల మాంజా గడ్డిలో కనబడదు, కుక్క పరుగెత్తితే కాలి వేళ్ల మధ్య కోసేస్తుంది. మూడోది మేడారం. రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మ జాతర వస్తే బస్సులు, పోలీసులు, వాలంటీర్లు అందరూ అటే. ఆ వారం వదిలేయండి.

రింగ్‌కు కనీసం 24 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు కావాలి. చుట్టూ కుక్కలను ఉంచుకోవడానికి మరో పది మీటర్లు ఉంటే గొడవ ఉండదు. ఎర్ర చెల్క నేల మీద గడ్డి ఉంటే అన్నిటికన్నా మంచిది. నల్లరేగడి అయితే వాన పడితే జారుతుంది, ఎండితే పగుళ్లు వచ్చి కాలు ఇరుక్కుంటుంది. కాలేజీ గ్రౌండ్ అయితే యాజమాన్యం నుంచి, మైకుకు పోలీసుల నుంచి అనుమతి కాగితం మీద తీసుకుని ఇన్‌చార్జి ఫైల్‌లో పెట్టండి.

2. ఎంతమంది కావాలి

ఒక రింగ్, యాభై కుక్కలు, రెండు రౌండ్లు అనుకుందాం. రింగ్ పనికి పన్నెండు మంది కావాలి: రింగ్ ఇన్‌చార్జి ఒకరు, గేటు ఒకరు, స్క్రైబ్ ఒకరు, టైమర్ ఒకరు, చేతి స్టాప్‌వాచ్‌తో ఇంకొకరు, లీష్ (కుక్కను పట్టుకునే తాడు) మోసేవారు ఒకరు, బార్లకు నలుగురు, స్కోర్ల బల్ల దగ్గర ఇద్దరు. బయట నలుగురు: ప్రధాన ద్వారం దగ్గర ఇద్దరు, ప్రథమ చికిత్సకు ఒకరు, నీళ్లూ తిండీ చూసేందుకు ఒకరు. అరవై కుక్కలు దాటితే ఎండలో నిలబడే పనులకు రెండో బృందం కూడా కావాలి.

టైం లెక్క ఇలా వేసుకోండి. ఒక్కో కుక్కకు ఒకటిన్నర నిమిషం, అంటే యాభై కుక్కలకు 75 నిమిషాలు. కోర్సు (అడ్డంకుల దారి) కట్టడానికి 40 నిమిషాలు, హ్యాండ్లర్లు (కుక్కను పరుగెత్తించేవాళ్లు) నడిచి చూసుకోవడానికి పది నిమిషాలు, జంపుల ఎత్తు మార్చిన ప్రతిసారీ ఐదు నిమిషాలు. నాలుగు ఎత్తులుంటే మార్పులు మూడు. మొత్తం రెండు గంటల ఇరవై నిమిషాలకు ఒక రౌండ్.

సొంత కుక్కతో వచ్చిన హ్యాండ్లర్లు కూడా వాలంటీర్లుగా పనికొస్తారు, కాకపోతే సర్దుబాటు తెలివిగా చేయాలి. చిన్న కుక్కల వాళ్లను పెద్ద కుక్కల తరగతిలో, పెద్ద కుక్కల వాళ్లను చిన్న కుక్కల తరగతిలో పనికి పెట్టండి. తన పరుగుకు ముందు పది కుక్కలు, తర్వాత ఐదు కుక్కలు వెళ్లేదాకా ఎవరికీ పని అప్పజెప్పొద్దు. ఆ సమయంలో వాళ్ల బుర్ర తమ కుక్క మీదే ఉంటుంది. తాను పోటీ చేసే తరగతిలో స్క్రైబ్‌గా, టైమర్‌గా ఎవరూ కూర్చోకూడదు. తప్పు చేస్తారని కాదు, అనుమానానికి చోటివ్వకూడదు గనుక.

మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి విద్యార్థులు వస్తామంటే ప్రథమ చికిత్స, ఎత్తు కొలిచే బల్ల వాళ్లకివ్వండి. కుక్కను పట్టుకోవడం, నిలబెట్టడం తెలిసినవాళ్లు కాబట్టి పని త్వరగా తెముల్తుంది.

3. తెల్లవారుజామున నేల పని

ముళ్లు ఏరడం ఎవరూ ఇష్టపడని పని, కానీ ఎగ్గొట్టడానికి వీల్లేదు. మన గ్రౌండ్లలో పల్లేరుకాయలు మామూలే. కంటితో చూసి ఏరితే సగం మిగిలిపోతాయి. పాత ఉన్ని కంబళి గానీ తడిపిన గోనెసంచులు నాలుగు కలిపి కుట్టిన పట్టా గానీ తీసుకుని, ఇద్దరు చెరో కొస పట్టుకుని రింగ్ అంతా మెల్లగా ఈడ్చాలి. ముళ్లు దారాల్లో దిగబడతాయి. ఒకసారి పొడవునా, ఒకసారి అడ్డంగా. ముళ్ల పట్టాను దులిపేది రింగ్ బయట, కుక్కలు నడవని చోట. ఆ తర్వాత ఆరుగురు చేతులు చాచినంత దూరంలో వరుసగా నడుస్తూ సీసా పెంకులు, మాంజా, కోడి ఎముకలు, చీమల పుట్టలు చూడాలి. గుంత కనబడితే మట్టి పోసి తొక్కాలి.

వెదురు బొంగులు పాతి చుట్టూ నాలుగడుగుల గ్రీన్ నెట్ కట్టించండి. ఇది నిబంధన కోసం కాదు, వీధికుక్కల కోసం. షామియానా తాళ్లు, మేకులు రింగ్ గీతకు కనీసం రెండు మీటర్ల అవతల ఉండాలి.

డిసెంబర్ పొద్దున మంచు పడితే పలకలు తడిసి జారతాయి. ఏ-ఫ్రేమ్ (గుడారంలా వాలిన రెండు పలకలు), డాగ్ వాక్ (ఎత్తైన సన్నని వంతెన), సీ-సా (ఎక్కుడు దిగుడు పలక) మూడింటినీ పాత తువ్వాళ్లతో తుడిచి, అరచేత్తో రుద్ది చూడాలి. చెయ్యి జారితే కుక్క కాలూ జారుతుంది, ఎండ తగిలి ఆరేదాకా ఆగాల్సిందే.

4. కోర్సు కట్టడం

జడ్జి ఇచ్చిన మ్యాపు ఐదు మీటర్ల గళ్లలో ఉంటుంది. రింగ్ పొడవు వెంట ఒక టేపు, వెడల్పు వెంట ఒక టేపు పరచండి. మూల సరిగ్గా ఉందో లేదో మేస్త్రీల పద్ధతిలో చూడొచ్చు: ఒక టేపు మీద మూడు మీటర్లు, రెండో దాని మీద నాలుగు మీటర్లు గుర్తు పెడితే ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా ఐదు మీటర్లు రావాలి.

ముందు బరువైనవి దించాలి: డాగ్ వాక్, ఏ-ఫ్రేమ్, సీ-సా, టన్నెళ్లు, వీవ్ పోల్స్ (కుక్క అటూ ఇటూ వంకరగా దూరి వెళ్లే నిలువు కర్రలు). జంపులు ఆఖరున. జంపులు ముందు పెట్టేస్తే డాగ్ వాక్ పలకలు మోసేటప్పుడు అవన్నీ మళ్లీ జరపాల్సి వస్తుంది. ప్రతి అడ్డంకి అంకె పలక కుక్క వచ్చే వైపు కనబడాలి, కుక్క దిగే దారిలో ఉండకూడదు.

పరికరాల తనిఖీ చివరి మాట జడ్జిదే అయినా ముందే చూసి పెట్టండి. ఏ-ఫ్రేమ్ శిఖరం నేల నుంచి 1.70 మీటర్లు. వీవ్ పోల్స్ 12, ఒక్కోదానికి మధ్య 60 సెంటీమీటర్లు. సీ-సా దించాక ఒక పరీక్ష తప్పనిసరి: దిగే వైపు రంగు పట్టీ మధ్యలో కిలో బరువు పెట్టి వదిలితే పలక రెండు నుంచి మూడు సెకన్లలో నేల తాకాలి. కిలో తూకంరాయి చాలు. నెమ్మదిగా దిగితే చిన్న కుక్క గాలిలో చిక్కుకుని దూకేస్తుంది. ఎగుడుదిగుడు నేల మీద పీఠం వాలినా ఇదే జరుగుతుంది, అందుకే సీ-సా జరిపిన ప్రతిసారీ పరీక్ష మళ్లీ చేయాలి.

టన్నెల్‌ను ఇసుక సంచులతో కట్టడంలోనే ఎక్కువ తప్పులు. మీటరుకు ఒక జత సంచులు, అటొకటి ఇటొకటి, వెడల్పాటి పట్టీతో కలిపి టన్నెల్ మీద వేలాడాలి. పట్టీ గట్టిగా లాగితే లోపల నలిగి దారి ఇరుకవుతుంది, పెద్ద కుక్క వీపు కొట్టుకుంటుంది. వదులైతే వంపు దగ్గర టన్నెల్ జరిగి తర్వాతి కుక్కకు దారి మారిపోతుంది. కట్టాక ఒకరు ఒక కొస నుంచి వంగి చూడాలి, నోరు గుండ్రంగా ఉందో లేదో తెలుస్తుంది. ప్రతి పరుగు తర్వాత టన్నెల్ జరిగిందా అని చూడటం ఆ పక్కన కూర్చున్న బార్ల మనిషి బాధ్యత. మూలల్లో నేల మీద సున్నంతో చుక్క పెట్టుకుంటే తేల్చుకోవడం సులువు.

జడ్జి చక్రంతో దారి కొలిచి ప్రామాణిక సమయం (దాటితే తప్పుగా లెక్కించే గడువు) చెబుతారు. ఉదాహరణకు దారి 168 మీటర్లు, సెకనుకు నాలుగు మీటర్ల వేగం అనుకుంటే 42 సెకన్లు. ఈ అంకెను ఇన్‌చార్జి రాసుకుని స్కోర్ల బల్లకు చేతికివ్వాలి, నోటిమాటగా పంపొద్దు.

5. ప్రధాన ద్వారం, ఎత్తు కొలత

ద్వారం దగ్గర ఇద్దరి పని: రేబిస్ టీకా కార్డు చూడటం, వయసు 18 నెలలు నిండిందో లేదో చూడటం, లీష్ లేకుండా ఎవరినీ లోపలికి పంపకపోవడం. ఎదలో ఉన్న ఆడకుక్కలను విడిగా ఉంచాలి, అందరి తర్వాత చివరన పరుగెత్తించాలి. ఈ సంగతి ద్వారం దగ్గరే రాసి గేటు మనిషికి తెలియజేయకపోతే రింగ్‌లో మగకుక్కలు ముక్కు నేలకానించి తిరుగుతుంటాయి, హ్యాండ్లర్లు ఎంత పిలిచినా వినవు.

ఎత్తు మెడ, వీపు కలిసే ఎముక దగ్గర కొలుస్తారు, గట్టి చదును నేల మీద, కుక్క తల మామూలుగా ఉంచి. 35 సెంటీమీటర్ల లోపు చిన్నవి, 35 నుంచి 43 లోపు మధ్యరకం, 43 నుంచి 48 లోపు ఇంటర్మీడియట్, 48 ఆపైన పెద్దవి. మన ఇళ్లలోని పొమరేనియన్ చిన్నవాటిలో, ల్యాబ్రడార్ పెద్దవాటిలో పడుతుంది. నాటు కుక్కల్లో చాలావరకు గీత మీదే ఉంటాయి, వాటిని రెండుసార్లు కొలవండి.

6. రింగ్ గేటు

ఈ మనిషికి గొంతు, ఓపిక రెండూ కావాలి. పరుగు క్రమం పెద్ద అక్షరాలతో బోర్డు మీద ఉండాలి. రింగ్‌లో ఒకరు, గీత దగ్గర ఒకరు, వెనకాల ముగ్గురు, అంతే. “రమేశ్ అన్నా, నడుస్తున్న కుక్క తర్వాత మీదే. సరితక్కా, మీరు మూడోది” అని పేరు పెట్టి పిలవాలి, నంబర్ ఒక్కటే అరిస్తే ఎవరూ పలకరు.

ఎవరైనా రాకపోతే వాళ్ల కోసం రింగ్ ఆపొద్దు. పేరు పక్కన గీత పెట్టి తర్వాతి వారిని పంపి, ఆ సంగతి వెంటనే స్క్రైబ్‌కు చెప్పాలి. గేటు మార్చిన క్రమం స్క్రైబ్‌కు చేరకపోతే ఒక కుక్క సమయం ఇంకో కుక్క షీట్ మీద పడుతుంది. ఫలితాల్లో వచ్చే గందరగోళాల్లో పెద్దది ఇదే. స్క్రైబ్ ప్రతి పరుగు ముందూ కుక్క పేరు పైకి చదివితే ఈ పొరపాటు అక్కడికక్కడే దొరికిపోతుంది.

జేబులో తిండి, చేతిలో బొమ్మ రింగ్‌లోకి వెళ్లకూడదు. గేటు దగ్గర ఒక బుట్ట పెట్టి అందులో వేయించండి.

7. టైమర్

ఎలక్ట్రానిక్ బీమ్ (కుక్క గీత దాటినప్పుడు గడియారాన్ని నడిపి ఆపే కాంతి కిరణం) ఉంటే రిసీవర్‌కు ఎదురుగా పొద్దుటి సూర్యుడు పడకుండా చూసుకోండి. వాలు ఎండ నేరుగా తగిలితే సెన్సార్ కుక్కను పట్టుకోదు. చిన్న కుక్కల తరగతికి మారినప్పుడు బీమ్ ఎత్తు తగ్గించడం మరిచిపోతే కుక్క కిందనుంచి దూరిపోతుంది. బీమ్ దగ్గర బార్ల మనుషులు, ఫొటోలు తీసేవాళ్లు నిలబడకూడదు.

చేతి స్టాప్‌వాచ్ మనిషి ప్రతి కుక్కకూ నొక్కాల్సిందే, బీమ్ చెడిపోయినప్పుడు మాత్రమే కాదు. గీతకు సరిగ్గా పక్కన కూర్చోవాలి. వాలుగా కూర్చుంటే కుక్క గీత దాటకముందే దాటినట్టు కనిపిస్తుంది. కుక్క ఒంట్లో ఏ భాగం ముందు దాటినా అదే లెక్క, హ్యాండ్లర్ కాలు కాదు. పరుగు కాగానే సమయం పైకి చదవాలి: “నలభై నాలుగు పాయింట్ మూడు ఏడు.” స్క్రైబ్ తిరిగి చదివాకే సున్నా చేయాలి. తొందరపడి ముందే సున్నా చేస్తే ఆ అంకె ఇక దొరకదు.

8. స్క్రైబ్

అందరికన్నా కష్టమైన కుర్చీ ఇదే, తెలివైన కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేదీ ఇక్కడే. కుక్క బార్ పడగొట్టింది, స్క్రైబ్ చూశాడు, జడ్జి చెయ్యి ఎత్తలేదు. రాయాలా? రాయకూడదు. జడ్జి సైగ చేస్తే రాయాలి, చేయకపోతే లేదు. స్క్రైబ్ న్యాయం తీర్చడానికి లేడు.

ఎఫ్‌సీఐ జడ్జీలు చాలామంది తెరిచిన అరచేయి ఎత్తితే తప్పు, మూసిన పిడికిలి ఎత్తితే నిరాకరణ (కుక్క అడ్డంకి దగ్గర ఆగడం, పక్కకు తప్పుకోవడం) అని చూపుతారు. అయినా ప్రతి జడ్జినీ పొద్దునే అడిగి సైగలు చేయించి చూసుకోండి. తప్పుకు ఐదు, నిరాకరణకు ఐదు, మూడు నిరాకరణలైతే పోటీ నుంచి తొలగింపు. షీట్ మీద రెండు గళ్లు గీసి సైగకు ఒక గీత వేస్తూ పోతే చాలు, కూడికలు స్కోర్ల బల్ల చూసుకుంటుంది.

జడ్జి నడిచే కొద్దీ స్క్రైబ్ కుర్చీ నుంచి ఆయన చేతులు కనబడుతున్నాయా అని కోర్సు కట్టాకే చూసుకోవాలి. ఏ-ఫ్రేమ్ అడ్డొస్తే కుర్చీ జరపండి. షీట్ వంక చూడకుండా గీత వేయడం అలవాటు చేసుకోవాలి. రాయడానికి తల దించిన ఆ క్షణంలోనే రెండో సైగ పోతుంది. అనుమానం వస్తే పరుగు ముగిసిన వెంటనే, తర్వాతి కుక్క బయల్దేరకముందే, “సార్, రెండు తప్పులా, ఒకటా?” అని అడిగేయాలి. ఊహించి రాయడం కన్నా అడగడం నయం. జడ్జికి కోపం రాదు, వచ్చినా రెండు నిమిషాల్లో పోతుంది.

పక్కన స్నేహితులను కూర్చోబెట్టుకోవద్దు. ఫోన్ ఇన్‌చార్జికి ఇచ్చేయండి.

9. బార్లు, ఎత్తులు

నలుగురికి రింగ్‌ను నాలుగు భాగాలుగా పంచి, ఒక్కొక్కరికి ఏ అంకెల జంపులో మ్యాపు మీద రంగు పెన్నుతో గీసివ్వండి. కుర్చీలో కదలకుండా కూర్చోవాలి. టోపీ గాలికి ఎగిరేదైతే వద్దు, చున్నీ ముడి వేసుకోవాలి. కుక్క వచ్చి వాసన చూసినా పలకరించొద్దు, కళ్లలోకి చూడొద్దు.

బార్ పడితే వెంటనే లేవకూడదు. కుక్క కనీసం రెండు అడ్డంకులు దాటి దూరం వెళ్లాక, దాని దారికి వెనకనుంచి, పరుగెత్తకుండా నడిచి వెళ్లి పెట్టి రావాలి. అదే జంపు మీదుగా కుక్క మళ్లీ వస్తుంటే ఏం చేయాలో జడ్జిని ముందే అడగండి. రెండుసార్లు వాడే జంపులను మ్యాపు మీద చుట్టి ఉంచుకోవాలి.

బార్ పెట్టేటప్పుడు తరచూ జరిగే పొరపాటు: ఒక వైపు కప్పు (బార్ ఆనే చిన్న ఆధారం) ఒక రంధ్రంలో, రెండో వైపు కప్పు పక్క రంధ్రంలో. దూరం నుంచి చూస్తే తెలియదు. బార్ ముందు నిలబడి నేలతో సమానంగా ఉందో లేదో చూస్తే ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఎత్తులు: చిన్నవాటికి 25 నుంచి 30 సెంటీమీటర్లు, మధ్యరకానికి 35 నుంచి 40, ఇంటర్మీడియట్‌కు 45 నుంచి 50, పెద్దవాటికి 55 నుంచి 60. ఎంత అనేది జడ్జి చెబుతారు. మార్చేటప్పుడు టైరు, లాంగ్ జంప్ పలకలు కూడా మారతాయి, వాటినే అందరూ మరుస్తారు. మార్చాక నలుగురూ కాకుండా ఇన్‌చార్జి ఒక్కరే కొలత కర్రతో కోర్సంతా తిరిగి చూసి, “సిద్ధం” అని జడ్జికి చెప్పాలి.

కుక్క రింగ్ దాటి పరుగెత్తితే ఎవరూ వెంటపడొద్దు. గేట్లు మూసేయాలి, అందరూ ఉన్నచోటే నిలబడాలి, హ్యాండ్లర్ ఒక్కరే పిలవాలి. నలుగురు చేతులు చాచి వెంటపడితే కుక్కకు అది ఆట.

10. లీష్, స్కోర్ల బల్ల

లీష్ పని పిల్లలకు ఇవ్వొచ్చు, పన్నెండేళ్లు దాటి నెమ్మదిగా ఉండేవాళ్లయితే. కుక్క మొదటి అడ్డంకి దాటాక లీష్ తీసుకుని, నెట్ వెంట బయటివైపు నుంచి ముగింపు దగ్గరికి తెచ్చి కొక్కేనికి తగిలించాలి. చేతిలో ఊపుతూ తెస్తే కుక్కకు అది ఆటబొమ్మలా కనబడి కోర్సు వదిలేసి వస్తుంది. కుక్కను తాకొద్దు.

స్కోర్ల బల్ల దగ్గర ఒకరు కూడాలి, ఒకరు సరిచూడాలి. ప్రామాణిక సమయం 42, పరుగు 44.37, ఒక బార్ పడింది అనుకుందాం: సమయం తప్పులు 2.37, బార్‌కు 5, మొత్తం 7.37. ఆరు లోపైతే ఎక్సలెంట్, ఆరు నుంచి పదహారు లోపు వెరీ గుడ్, అక్కడి నుంచి ఇరవై ఆరు లోపు గుడ్. ల్యాప్‌టాప్ ఉన్నా కాగితం షీట్లు రోజు ముగిసేదాకా పారేయొద్దు. ఐదు కుక్కలకోసారి షీట్లు తెప్పించుకుంటే చివర్లో కుప్ప పడదు.

11. ఎండ, గాయం, కాటు

కుక్క మామూలు ఉష్ణోగ్రత 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. పరుగు తర్వాత ఆగకుండా రొప్పుతూ, చిగుళ్లు ముదురు ఎరుపు రంగులోకి మారి, తూలుతుంటే వడదెబ్బే అనుకోవాలి. నీడకు తీసుకెళ్లి ఒంటినిండా, ముఖ్యంగా పొట్ట, తొడల మధ్య చల్లటి నీళ్లు పోస్తూ గాలి తగిలేలా చూడాలి. ముందు చల్లబరచడం, తర్వాతే బండి ఎక్కించడం. పగ్‌లు, బుల్‌డాగ్‌లు ఉంటే వాటిని పొద్దుటి మొదటి క్రమంలోనే పంపేయండి.

మనిషిని కరిస్తే గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, పసుపు, సున్నం, కట్టు ఏమీ వద్దు. తర్వాత ఎంజీఎం లాంటి ఆస్పత్రికి పంపాలి. కుక్క టీకా కార్డు ఫొటో వాళ్ల ఫోన్‌లో వేయండి, సూది అవసరమా కాదా అనేది డాక్టర్ చెబుతారు.

12. తిండి, సర్దడం

పొద్దున ఆరుకే చాయ్, ఏడున్నరకు ఉప్మా. మజ్జిగ పది తర్వాత. మధ్యాహ్నం చికెన్ బిర్యానీ పెట్టాలనుకుంటే విస్తళ్లకు మూత ఉన్న డబ్బాలు పెట్టి, అవి రింగ్‌కు, కుక్కల బోనులకు దూరంగా ఉంచండి. ఉడికిన కోడి ఎముక చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. వాలంటీర్లకు భోజనం ముందు పెట్టాలి, ఫలితాలు తర్వాత చదవొచ్చు. ఆకలితో ఉన్న వాలంటీరు వచ్చే ఏడాది ఫోన్ ఎత్తడు.

సర్దేటప్పుడు ముందు జంపు కప్పులు లెక్కపెట్టండి, పోయేవి అవే. టన్నెళ్లు లోపల తడిగా ఉంటే చుట్టొద్దు, బూజు పడుతుంది. పలకలను ఎండలో వాల్చకుండా నీడలో పడుకోబెట్టాలి, లేకపోతే వంగిపోతాయి. బొంగులు పీకిన గుంతలన్నీ మట్టితో పూడ్చి తొక్కండి. మర్నాడు తెల్లారేసరికి అక్కడ వాకింగ్‌కు వచ్చేవాళ్లు, క్రికెట్ ఆడే పిల్లలు ఉంటారు.